శుక్రవారం బోర్లించిన డబ్బా

శుక్రవారం డ్రై డే, ఎక్కడా నీళ్లు నిలవుంచకూడదని ఆరోగ్య కార్యకర్తలు చెప్పిన మాటని అమలాపురంలో ఆ వీధి మొత్తం మీద కాంతమే గట్టిగా పట్టుకుంది. కొబ్బరి డొప్పలు, పూలకుండీల కింద పళ్లేలు, ఎవరింటివైనా సరే బోర్లించేసేది. కిందటి వానల్లో మనవరాలు తులసికి డెంగీ వచ్చి తగ్గింది. రెండోసారి వస్తే మరీ ప్రమాదమన్నాడు డాక్టరు. అప్పటినుంచీ ఆవిడకి దోమ కనిపిస్తే వణుకు.

అలాంటావిడ దగ్గరికి దోమల్ని పెంచుతామంటూ, డెంగీ తగ్గించే పథకం తరఫున సురేంద్ర అనే కుర్రాడు వచ్చాడు.

"ఉన్నవి చాల్లేదేటయ్యా?"

"ఇవి వేరండీ మామ్మగారూ. వీటి ఒంట్లో ఒక బాక్టీరియా ఉంటాదండి. అదుంటే దోమలో డెంగీ పెరగదు. వీధిలో దోమలతో కలిస్తే, పుట్టేవాటికీ ఆ గుణమే వస్తాదండి."

కాంతం తులసి వైపు చూసి ఒప్పుకుంది. అతను ఒక డబ్బాలో నీళ్లు పోసి, దోమగుడ్లు అంటించిన కాగితం అందులో వేసి, జామచెట్టు కింద పెట్టి వెళ్లాడు.

అది గురువారం సాయంత్రం. తెల్లారి లేచి పెరట్లోకి వెళ్లిన కాంతం, అలవాటు కొద్దీ ఆ డబ్బా కూడా వంపేసింది.

గోడ అవతలనుంచి పక్కింటి విజయ పకపకా నవ్వింది. "ఏంటి పిన్నిగారూ, చుట్టాలు ఒక్క రాత్రి పడుకున్నారో లేదో గెంటేసేరా!"

అప్పుడు గుర్తొచ్చి కాంతం గబుక్కున డబ్బా ఎత్తింది. నీళ్లు నేలలో ఇంకిపోయాయి. పైన చూస్తే మబ్బు, మళ్లీ వానలు దగ్గరపడ్డాయి. వెంటనే సురేంద్రకి ఫోన్ చేయించింది.

"మా పిల్లకి కాపుగా పెట్టినదాన్ని నా చేత్తో నేనే పారబోసేను బాబూ," అంది అతను రాగానే.

అతను డబ్బా అడుగున అంటుకుపోయిన కాగితాన్ని ఊడదీసి వెలుగుకి పట్టి చూశాడు. నల్లటి చుక్కలు. "కొన్ని పోతే పోయుంటాయండి. మిగతావి ఇక్కడే ఉన్నాయి. తడారినా చావవు. నీళ్లు పొయ్యండి, చాలు."

"నిజంగానే?"

"ఆయ్. తప్పు మాదేనండి. గురువారం పూట మీ చేతికి డబ్బా ఇవ్వకూడదు."

కాంతం నవ్వబోయి, కళ్లు తుడుచుకుంది. చెంబుతో తనే నీళ్లు పోసింది.

కొన్నాళ్లకి తులసి డబ్బాలోకి తొంగిచూసి కేకేసింది. "అమ్మమ్మా, పురుగులు గెంతుతున్నాయి!"

కాంతం గుండెల మీద చెయ్యేసుకుని వంగి చూసింది.

"మెల్లిగా మాట్లాడవే, బెదిరిపోతాయి," అంది.