అమ్మకు కట్టిన ఆఖరి చీర

మా నాన్న ముప్పయ్యేళ్ళు పద్యనాటకాల్లో ఆడవేషాలు కట్టాడు. బిడ్డను పోగొట్టుకున్న రాణిగా ఏడిస్తే ముందు వరసలో మోతుబరి రైతులు కూడా కండువాతో కళ్ళొత్తుకునేవారు. రాజమండ్రిలో, రామచంద్రపురంలో కప్పిన శాలువాలతో మా బీరువా నిండిపోయింది. బళ్ళో మాత్రం నన్ను “మీ ఇంట్లో ఇద్దరమ్మలా?” అని ఏడిపించేవారు. పేరు నాన్నది, తలవంపులు నావి.

అమ్మకు పట్టుచీర కట్టుకోవడం చేతకాదు. నేర్చుకుంటేగా! పెళ్ళయిన కొత్తలో నాన్న ఒకసారి కట్టిపెట్టాడట, ఇక అంతే. పెళ్ళికో పేరంటానికో వెళ్ళాలంటే నాన్న మోకాళ్ళ మీద కూర్చుని కుచ్చిళ్ళు సర్దాలి. ఆవిడ దర్జాగా నిలబడి, “కాస్త తొందరగా కానివ్వండి, అక్కడ అక్షింతలైపోతాయి” అని కసిరేది. ఇద్దరూ నవ్వుకునేవారు. నాకు అదీ మంటే.

అమ్మ పోయి ఎనిమిది నెలలయింది. పుణ్యస్త్రీగా పోయిందని అందరూ అన్నారు. ఆ మాటలో ఓదార్పు ఎక్కడుందో నాకైతే కనబడలేదు. స్నానం చేయించి, పుట్టింటివాళ్ళు తెచ్చిన పట్టుచీర కట్టడం మొదలుపెట్టాం. పడుకోబెట్టిన మనిషికి చీర కట్టడం మాలో ఎవరికీ రాదు. కుచ్చిళ్ళు ముద్దయిపోతున్నాయి. అప్పుడు నాన్న గుమ్మంలోకి వచ్చాడు.

“మీ అమ్మకి నేను కడతానమ్మా,” అన్నాడు.

“ఆడవాళ్ళం ఉన్నాం కదండీ మరిదిగారూ. మీరు బయట కూర్చోండి,” అంది అమ్మ వాళ్ళ అక్క.

నాన్న నా వంక చూశాడు. నేను ఊఁ అంటే చాలు, పెద్దమ్మ తప్పుకునేదే. వీధిలో కుర్చీల నిండా జనం, మా అత్తగారి వైపువాళ్ళు కూడా.

“నలుగురూ ఏమనుకుంటారు నాన్నా, వెళ్ళు,” అని నేనే తలుపు వేశాను. చీర ఎలాగో చుట్టి, పిన్నీసులు గుచ్చాం. అమ్మను అలాగే పంపేశాం.

ఆ సంగతి ఇన్నాళ్ళూ నోటికి రాలేదు. మొన్న నాన్నకు అన్నం వడ్డిస్తుంటే ఉండబట్టలేక అనేశాను: “నన్ను పక్కకి తోసేసి లోపలికి రావాల్సింది కదా!” తప్పు నాది, కేకలు ఆయన మీద. అదీ నా బుద్ధి.

నాన్న చారు కలుపుకుంటూ నెమ్మదిగా చెప్పాడు.

“చీర కట్టుకుని అంతమందిలో నిలబడ్డాను. ఎప్పుడూ సిగ్గనిపించలేదమ్మా. ఆ రోజు నీ మొహం చూస్తే అనిపించింది.”