టోల్ గేటు దగ్గర వెలసిన అమ్మవారు

ఒక అమ్మవారు వెలయడానికి నేను కారణమయ్యానండీ! నమ్మరా? ఆగండి, టీ ఒక గుక్క తాగి చెబుతా.

నేను పటమటలో ఒక ఎన్విరాన్‌మెంట్ కన్సల్టెన్సీలో చేరాను కదా. ఇబ్రహీంపట్నం దాటాక కృష్ణ ఒడ్డు రోడ్డును వెడల్పు చేసి, నదిని చూస్తూ వెళ్లేలా అందంగా తయారుచేసి, టోల్ పెడతారట. దానివల్ల చెట్లకీ నీళ్లకీ జనానికీ ఏం నష్టమో రిపోర్టు రాయడం మా పని. నేనింకా ప్రొబేషన్. "ఈ రిపోర్టు పాసైతేనే నువ్వు పర్మనెంట్" అని మా మేడం ముందే చెప్పేశారు.

పోయిన వారం, కొట్టేయాల్సిన చెట్లకి గుర్తులు వేస్తున్నా. టోల్ గేటు వచ్చే చోట ఒక్క వేపచెట్టు మిగిలింది. తెల్ల పెయింట్ అయిపోయింది. ఎండ చూస్తే మాడ్చేస్తోంది. స్కూటర్ డిక్కీలో మా ఇంటి గడపకి వేయగా మిగిలిన డబ్బాలున్నాయి. ఏ రంగైతే ఏంటి అనుకున్నా. మొదలు చుట్టూ పసుపు పట్టీ వేసి, దూరం నుంచి కనబడాలని దాని మీద ఎర్ర చుక్కలు పెట్టా. ఏం బుర్రరా నాది అని నన్ను నేనే మెచ్చుకున్నా కూడా!

నిన్న తనిఖీకి, రిపోర్టు పాస్ చేసే ఆఫీసరు గారొచ్చారు. చేతిలో మా రిపోర్టు. "టోల్ గేటు పరిసరాల్లో గుళ్లు లేవు" అని అందులో రాసింది నేనే. ఆయనా, మా మేడమూ, నేనూ జీపు దిగాం. చూద్దును కదా! చెట్టుకి పట్టుచీర. నిమ్మకాయల దండ. టెంటు, మైకు. పొంగళ్లు పొంగుతున్నాయి, ఆడవాళ్లు బారులు తీరారు.

"ఏమయ్యా, గుడి లేదన్నావ్?" అన్నారు ఆఫీసరు గారు.

"పోయిన వారం లేదండీ!"

ఒక మామ్మగారికి కోపమొచ్చింది. "లేకపోవటమేంటి బాబూ? పసుపు కుంకుమలతో తల్లి తనంతట తానే వెలిసింది. వాన కడిగినా పోలా, గోకినా పోలా!"

ఎందుకు పోద్దండీ, అది ఎనామిల్ పెయింటు! మాట నాలిక చివరిదాకా వచ్చింది. చుట్టూ జనాన్ని చూసి గుటుక్కున మింగేశా.

మా మేడం వంగి దండం పెట్టినట్టే పెట్టి, నా చెవి దగ్గర అడిగారు. "ఇది నీ పనేనా?"

"మా గడప పెయింటు మేడం."

ఆవిడ ముఖంలో రంగులు మారాయి. అటు ఆఫీసరు గారు అప్పటికే బూట్లు విప్పి ప్రసాదం పుచ్చుకుంటున్నారు. నోట్లో పులిహోరతోనే తేల్చేశారు. "ఈ చెట్టు జోలికి ఎవడెళ్తాడు? టోల్ గేటు ఇంకోచోట చూసుకోండి. రిపోర్టు మొదటి నుంచీ రాయండి."

"నీ పర్మనెంటు సంగతి సోమవారం మాట్లాడదాం" అని మేడం జీపెక్కేశారు. ఏడుపొక్కటే తక్కువ నాకు. ఇంతలో క్యూలోంచి కేక!

"ఏవండీ! మీరూ వచ్చారా?"

కొబ్బరికాయతో మా ఆవిడ!

"కొత్తగా వెలిసిన తల్లి కదా, అడిగిందల్లా ఇస్తుందట. మీ ఉద్యోగం పర్మనెంట్ కావాలని మొక్కుకున్నా. విప్పండి చెప్పులు, ప్రదక్షిణలు మీరే చేయాలి."

నా ఉద్యోగానికి ఎసరు పెట్టిన చెట్టు చుట్టూ, ఆ ఉద్యోగమే నిలబెట్టమని తిరిగానండీ. తిరుగుతుంటే మా ఆవిడ పక్కనే నడుస్తూ అసలు మొక్కు బయటపెట్టింది.

"మొక్కు తీరితే ఏటా మీరే మీ చేత్తో ఈ చెట్టుకి పసుపు పూసి బొట్లు పెట్టాలి. అలా అని తల్లికి మాటిచ్చేశా."

ఈ ఏడాదిది ముందే పూసేశానే అనబోయి, గబగబా ఇంకో చుట్టు తిరిగా!