టార్చికి ఏమీ కాలేదు

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే ఒప్పుకుంటాను. విమానం తోక రెక్క మీద బరువైన టార్చిలైటు పడేశాను. పడేసి, రెక్కను వదిలేసి టార్చి వెలుగుతుందా లేదా అని చూసుకున్నాను.

గల్ఫ్‌లో విమానాలు బాగుచేసే షెడ్డులో నా పని. రెండేళ్లకు సెలవు దొరికింది, సాయంత్రమే ప్రయాణం. పొద్దుటి నుంచి నా కాళ్లు నేల మీద నిలవలేదు. బ్యాగును ఏడుసార్లు తూకం వేశాను. అట్టపెట్టెకు నాలుగు వైపులా పేరు రాసి, చాలదేమోనని అడుగున కూడా రాశాను. జగిత్యాల బావకు కొన్న టార్చిని మాత్రం అందరికీ చూపించాలని జేబులో వేసుకుని నిచ్చెన ఎక్కాను. జేబులో వస్తువులతో ఎక్కకూడదని గోడ మీద నాలుగు భాషల్లో ఉంది. వంగాను. టప్పుమంది.

రంగు మీద గీత కూడా లేదు. కానీ అది రేకు కాదు, కార్బన్ బట్టను పొరలు పొరలుగా అతికించి చేసిన రెక్క. పైకి నున్నగా ఉండి లోపల పొరలు విడిపోవచ్చు. ఆ సంగతి నాకు తెలుసు. చెబితే పరీక్షలు, కాగితాలు, నా ప్రయాణం ఆగుతుంది. ఈల వేసుకుంటూ దిగిపోయాను.

మా ఊరు కోరుట్లలో మూడు రోజులు నవ్వుతూనే ఉన్నాను. నాలుగో రోజు మా ఇంటికి కొత్తగా వేయిస్తున్న గదిలో మేస్త్రీ టైల్స్‌ను రూపాయి బిళ్లతో కొట్టి చూస్తున్నాడు. టంగు, టంగు, ఒకచోట బద్దుమంది. "గిది పైకి మంచిగనే ఉన్నది సార్, కింద పట్టలే" అన్నాడు. మేమూ చిన్న సుత్తితో రెక్కను అట్లాగే కొట్టి వింటాం. నా నవ్వు ఆగిపోయింది.

మా జట్టు పెద్దకు ఫోన్ చేశాను. సిరిసిల్లలో మగ్గాలు నడిపి వచ్చిన మనిషి, నాకు ఆ చప్పుళ్లు నేర్పింది ఆయనే. జరిగింది చెప్పాను.

"టార్చి పగిలిందార?"

"లేదన్నా."

"మరి గా దెబ్బ ఏడికి పోతది? ఇమానం ఎల్లుండి లేస్తది. జాగ సరిగ్గ చెప్పు."

"నౌకరి పోతదా అన్నా?"

"పోతే పోనీ. ముందు జాగ చెప్పు."

చెప్పాను. గంటకు ఆయనే ఫోన్ చేశాడు. సుత్తికి బద్దుమందట. అల్ట్రాసౌండ్ పెడితే అరచెయ్యంత మేర పొరలు విడిపోయాయట. విమానాన్ని ఆపేశారు.

నెల సెలవు వారమైనా కాకముందే ముగించి టికెట్ మార్చుకున్నాను. "ఏడుసార్లు తూకమేసి తెచ్చినవ్, ఏడు రోజులన్న ఉండకపోతివి" అంది నా భార్య, బ్యాగులో మామిడి తొక్కు సర్దుతూ.

షెడ్డుకు చేరగానే పై అధికారి ముందు నా పేరుతో అంతా రాసి సంతకం పెట్టాను. హెచ్చరిక కాగితం ఇచ్చాడు, నౌకరి ఉంచాడు. ఆ మధ్యాహ్నమే మా జట్టు పెద్ద పక్కన కూర్చుని, కొత్తవి అతికించడానికి ఆ రెక్కలో విడిపోయిన పొరలను ఒక్కొక్కటే గీకి తీయడం మొదలుపెట్టాను.