కనిగిరిలో ఒక ఫోన్ నంబరు

మా పదో తరగతి వాళ్లంతా ఫోన్లో గ్రూపు పెట్టారనీ, అందులో నన్నూ చేర్చారనీ మొన్న మా కోడలు చూపించింది. నెరిసిన తలలనూ బట్టతలలనూ పోల్చుకుంటూ నవ్వుకుంటున్నదాన్ని, నాతో ఒకే బెంచీలో కూర్చున్న మా పక్కింటి పిల్ల అందులో లేదని గమనించి ఆగిపోయాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను సత్తెనపల్లిలో ఒక ఇంటర్నెట్ సెంటరులో పనిచేసేదాన్ని. టెలిఫోను డైరెక్టరీ కంప్యూటర్లోకి వచ్చిందని తెలిసి, విడిపోయిన స్నేహితులనూ ఇల్లు మారిన ఇరుగుపొరుగునూ వెతికిపెట్టమని జనం వచ్చేవారు. పేరూ ఊరూ కొడితే నంబరూ చిరునామా వచ్చేవి. దొరికినప్పుడు వాళ్ల మొహాలు చూడటం నాకెంతో ఇష్టంగా ఉండేది.

ఒక మధ్యాహ్నం ఆ పక్కింటి పిల్ల అన్నయ్య వచ్చాడు. ఆమె మా క్లాసులోనే చదివిన చర్చి వీధి అబ్బాయిని పెళ్లి చేసుకుని ఊరు విడిచి అప్పటికి ఏళ్లు గడిచాయి. అప్పట్లో ఈయన కర్ర పుచ్చుకుని వాళ్ల కోసం ఊరూరా తిరిగాడు.

"అమ్మకి బాగాలేదు చెల్లెమ్మా. దాన్ని చూడాలని ఒకటే కలవరిస్తంది. వాడు కనిగిరిలో పంతులుగా చేస్తన్నాడంట, చూడు," అన్నాడు.

నా కుర్చీ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. బయట ఇంజను ఆపని జీపులో ఇద్దరు మగవాళ్లు కూర్చుని ఉన్నారు. జబ్బుపడ్డ తల్లి కోసం చెల్లెల్ని తీసుకురావడానికి వీళ్లెందుకనిపించింది. ఆ రోజుల్లో పేజీ పైనుంచి కిందికి మెల్లగా దిగేది. ఆయన జీపు వైపు తిరిగి సైగ చేస్తున్న క్షణంలోనే ఆ పంతులు పేరు తెర మీదికొచ్చింది. నంబరు చదువుకుని, వెంటనే పేజీ మూసేశాను.

"లేదన్నయ్యా. ఆ పేరుతో ఫోను లేదు."

ఆయన నా కళ్లలోకి చాలాసేపు చూశాడు. వెళ్లి జీపెక్కాడు.

నేను పిన్నీ అని పిలిచే వాళ్లమ్మకి ఒకవేళ నిజంగానే బాగాలేదేమోనన్న బాధ తొలిచేస్తుంటే, మర్నాడు వాళ్ల కళ్లానికి వెళ్లాను. పిన్ని కూలివాళ్లతో పాటు కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. నన్ను చూసి లేచి, పక్కకు పిలిచింది.

"వాడు నీ దగ్గరికొచ్చాడంటగా, నంబరు దొరికిందా?" అంది. తలూపాను.

"వాడికి చెప్పమాక తల్లీ. వాడి కడుపులో మంట ఇంకా ఆరలా. నేను బాగానే ఉన్నానని దానికి చెప్పు, చాలు."

బజారులోని బూత్ నుంచి ఆ నంబరుకు ఫోను చేసి, ఆమెకు అంతా చెప్పాను. "అమ్మ గొంతు అట్లాగే ఉందా?" అని మాత్రం అడిగింది.

నెల తిరిగాక మళ్లీ ఆ నంబరుకు చేస్తే మోగలేదు. డైరెక్టరీలో ఆ పేరు కూడా లేదు. క్షేమంగా వెళ్లిపోయారని సంతోషించాను, నాకూ అందకుండా పోయిందని ఏడ్చాను. పిన్ని పోయినప్పుడు కబురు పంపడానికి ఎవరి దగ్గరా దారి లేకపోయింది.

ఇప్పుడు పేరు కొడితే మొహాలు, ఇళ్లు, పిల్లల పెళ్లిళ్లు కూడా కనిపిస్తున్నాయి. మనుషులు ఇంత తేలిగ్గా దొరకడం మంచిదేనని అందరూ అంటుంటే నేను ఊరుకుంటాను. ఒకప్పుడు మనిషి దాక్కోవడానికి ఈ లోకంలో కాస్త చోటుండేది.