‘చెడిపోయినవి’ అనే ఫోల్డరు

తుపాను దాటిన మర్నాడు బీచిరోడ్డు ఎలా ఉంటుందో చూసినవాణ్ణి. పడవలు రోడ్డు మీద, రోడ్డు సముద్రంలో. అంతటి చిందరవందరనీ ఒక ఏసీ గదిలో, కుర్చీలోంచి లేవకుండా, కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితో నేను సృష్టించాను. నాలుగేళ్ళయింది. ఇప్పటికీ ఊదారంగు చీర ఎదురైతే తల వంచుకుని పక్కకి తప్పుకుంటాను. ఎందుకో చెప్తాను, నవ్వుకోండి. కాకపోతే కాస్త నవ్వు చివరికి దాచుకోండి. నా పరువులో పెద్ద ముక్క పోయింది అక్కడే.

ఇరవై ఆరేళ్ళు దినపత్రికలో ఫోటోలు తీసి, ఆ తర్వాత ఫోటో డెస్కు మీద కూర్చుని, బయటికొచ్చాక ఒక చిన్న స్టూడియోలో చేరాను. రేవులో పెద్ద క్రేన్లు నడపడం నేర్చుకునేవాళ్ళు నిజం క్రేన్ ఎక్కేముందు కూర్చోవడానికి వాళ్ళొక యంత్రం తయారుచేస్తున్నారు. ఒక కుర్చీ, రెండు హ్యాండిళ్ళు, ఎదురుగా గోడంత తెర. తెర మీద రేవు. అందులో ఇనుము ఇనుములా, సిమెంటు సిమెంటులా ఉండాలి. అందుకోసం నేను ఊరంతా తిరిగి గోడల్నీ, గచ్చుల్నీ, ఓడల పొట్టల్నీ దగ్గరగా ఫోటోలు తీసేవాణ్ణి. వీటిని వాళ్ళు టెక్స్చర్లు అంటారు. తల మీద జుట్టు సెలవు తీసుకున్నా వెనక జేబులో దువ్వెన మాననివాణ్ణి, మెడలో కెమెరా, మూతి గోడకి ఆనించి నడిరోడ్డు మీద నిలబడితే జనం పిచ్చాణ్ణి చూసినట్టు చూసేవారు.

నిజం చెప్పొద్దూ, ఆ రెండేళ్ళలోనే నేను ఈ ఊరిని మొదటిసారి చూశాను. తుప్పు ఒక్కటే అనుకునేవాణ్ణి. చేపల రేవులో పడవకి పట్టిన తుప్పు నారింజ తొక్కలా ఒలుస్తుంది. కంటైనరు మీద తుప్పు ఒలికిన టీ మరకలా కిందికి జారుతుంది. పాత క్రేన్ హ్యాండిల్ మీద తుప్పు అంచుల్లోనే ఉంటుంది. నడుమంతా అరచేతులు రాసి రాసి అద్దం చేసేస్తాయి. మనుషుల ఫోటోలు తీసినన్నాళ్ళూ వాళ్ళ వెనకాల గోడలున్నాయని నాకు తట్టనేలేదు.

యంత్రానికి ప్రాణం పోసింది సునీత. మల్కాపురం అమ్మాయి. ఓడ కూతకి నిద్రలేచే ఇంట్లో పెరిగింది. రెండేళ్ళు కూర్చుని ఒంటిచేత్తో ఆ రేవుని తెర మీద కట్టింది. ఇంకో రెండు వారాల్లో నూకరాజు గారనే పాత క్రేన్ ఆపరేటరు వచ్చి చూడాలి. ఆయన "మన రేవే" అంటే శిక్షణ కేంద్రం యంత్రాన్ని తీసుకుంటుంది. "కాదు" అంటే సునీత రెండేళ్ళూ అటకెక్కుతాయి.

అప్పుడొచ్చింది నా దగ్గరికి.

"సర్, లైబ్రరీలో పద్దెనిమిది వేల బొమ్మలున్నాయి. అన్నిటికీ అంకెలే పేర్లు. తడి సిమెంటు కావాలంటే గంట వెతుకుతన్నాను. మీరు పేపరోళ్ళు కదా, కాస్త సర్ది పెట్టండి సర్."

పేపరోళ్ళు! ఆ మాటకి నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"నాలుగు రోజులియ్యమ్మా. నువ్వు అడగడం ఆలస్యం, ఫోటో వచ్చి నిలబడుతుంది."

ఫోటో డెస్కు మీద నేను నేర్చుకున్న సూత్రాలు రెండు. ప్రతి ఫోటో కిందా ఊరు, వారం, విషయం రాయాలి. రంగు తేడా వచ్చిన ఫోటోని పక్కన పెట్టాలి. అచ్చులో ఒక రంగు ప్లేటు జారిందంటే పెళ్ళికూతురు మొహం కూడా వంకాయలా వస్తుంది; మర్నాడు పొద్దున్న ఫోన్లెత్తేది మేమే. అందుకే ఊదారంగంటే మాకు ప్రాణభయం.

లైబ్రరీ తెరిచి చూద్దును కదా, సగానికి సగం ఊదా! గోడలు ఊదా, తుప్పు ఊదా, ఇసక ఊదా. నేను బంగారంలాంటి ఫోటోలు తీసిస్తే ఈ కంప్యూటరు పిల్లలు ఇలా పాడుచేశారా అని గుండె తరుక్కుపోయింది. మంచివాటికి చోటుకొక పేరు చొప్పున గుంపులు గుంపులుగా పేర్లు పెట్టాను. "మల్కాపురం, మంగళవారం: వర్షానికి తడిసిన ప్రహరీ." "ఆనందపురం, శనివారం: పూల మార్కెట్లో గోనెసంచి." ఊదావి పారెయ్యలేదు, పేపరువాడు ఏదీ పారెయ్యడు. ‘చెడిపోయినవి’ అని ఒక ఫోల్డరు చేసి, అన్నిటినీ అందులోకి తోసి, పాత అంకెలు తీసేసి, ఒకటి నుంచి తొమ్మిది వేల దాకా కొత్త అంకెలు శుభ్రంగా వేశాను. ఇలాంటి శుభ్రతకి శిక్ష ఉండాలి.

అయిదో రోజు పొద్దున్న సునీతని పిలిచాను.

"అడుగమ్మా, ఏం కావాలో."

"తుప్పు."

కొట్టాను. తెర నిండా తుప్పు పూసింది. ఎరుపు, గోధుమ, నలుపు, వరసలు వరసలుగా. ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఓడ మీది తుప్పు, సర్?"

కొట్టాను. వచ్చింది.

"అబ్బ! మీరు దేవుడు సర్!" అంది. నేను దేవుడిగా ఉన్నది సుమారు అర నిమిషం. "మరి వీటి ఊదావేవి సర్?"

"ఏ ఊదావి?"

"ప్రతి బొమ్మకీ ఒక ఊదా బొమ్మ జత ఉంటాది కదా సర్."

"ఓ, ఆ చెడిపోయినవా? విడిగా తీసేశాను. తొమ్మిది వేలున్నాయమ్మా! ఎవరికీ చెప్పలేదులే, మీ పరువు పోతుందని."

సునీత నవ్వలేదు. ఫోల్డరు తెరిచింది. దాని పేరు చదివింది. కుర్చీలో మెల్లిగా కూర్చుంది.

"ఏటి సర్ ఇది? ఏం సేసేసారు?" అంది. ఆ పిల్ల ఆఫీసులో పూర్తిగా ఇంటి యాసలోకి దిగడం అదే మొదలు. అప్పుడు తెలిసింది నాకు, ఇది మామూలు తప్పు కాదని.

నా చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకెళ్ళింది. "కళ్ళు మూసుకోండి. తడమండి. రంగు తెలస్తందా?"

"లేదు."

"గోడ తెలస్తందా?"

"తెలుస్తోంది."

"రంగు బొమ్మ కంటికి సర్. ఊదా బొమ్మ చేతికి. గుంటెక్కడ, గట్టెక్కడ, గరుకెక్కడ, అంతా అందులోనే ఉంటాది. అది లేకపోతే మన రేవు గోడకంటించిన కేలెండరు."

చూపించింది కూడా. తెర మీద తుప్పు రేకు ఒకటి ఉంది, చదునుగా, ప్రాణం లేకుండా. దానికి జత ఊదా బొమ్మ కలిపింది. మౌసుతో సూర్యుణ్ణి పట్టుకుని పక్కకి జరిపింది. అంతే, ఒక్కో పొక్కు వెనకాల నీడ లేచింది. ఎండ జరిగినకొద్దీ నీడలు పాకాయి. నేను తీసిన ఫోటో నా కళ్ళముందు ఊపిరి పీల్చింది. ఇరవై ఆరేళ్ళు వెలుగుని పట్టుకుని బతికినవాణ్ణి, వెలుగుకి స్పర్శ ఉంటుందని ఆ వేళ తెలిసింది. అలాంటివి తొమ్మిది వేలని నేను చెత్తబుట్టలో కూరిన సంగతీ అప్పుడే తెలిసింది.

"ఇంకో కాపీ ఉంటుంది కదమ్మా?"

"ఉంది సర్. ఇక్కడ మీరేం మారిస్తే సాయంత్రానికి అక్కడా అదే మారిపోతాది."

"జతల్ని గుర్తుపట్టడం ఎలా మరి?"

"రెంటికీ ఒకే అంకె ఉండేది సర్. మీరు తీసేసారు."

పక్కల నుంచి లైటు వేసి నేను తీసిన అయిదేసి ఫోటోలని పిండితే వచ్చేదట ఆ ఊదా బొమ్మ. ఆ అయిదేసి ఫోటోలూ చోటు చాలక ఎప్పుడో తీసేశారు.

సునీత తిట్టలేదు, తిడితే బాగుండేది. పళ్ళు బిగించి, రంగు బొమ్మలోని పగుళ్ళనీ ఊదా బొమ్మలోని పగుళ్ళనీ పోల్చి జతకలిపే ప్రోగ్రాం ఒకటి రాసింది. నేను రెండు రోజులు కళ్ళు కాయలు కాచేలా చూసి డెబ్బై జతలు కలిపాను. ఆమె ప్రోగ్రాం మేం మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి దాదాపు అన్నీ కలిపేసింది. అంత వేగంగా ఎవరైనా సంబంధాలు కుదర్చడం నేను చూళ్ళేదు.

మిగిలినవి నలభై. అన్నీ సిమెంటులూ, ఇసకలూ. రంగు బొమ్మలో పగులైనా లేని నున్నటి మొహాలు.

"ఇవి యంత్రానికి అందవు సర్. తీసిన మనిషికే తెలియాలి," అంది.

కూర్చున్నాను. చెప్తే నమ్మరు, గుర్తుపట్టాను! రంగు లేదు, పేరు లేదు, అయినా ఈ సన్నటి అలలు పడవల కింద ఇసక అని, ఈ గాడి మోకు ఒరుసుకున్న గట్టు అని ఒక్కోటీ పలకరించింది. చివరికి రెండు జతలు మిగిలాయి, రెండూ సిమెంటే. అందులో ఒకటి రేవు గచ్చుది; తెర మీది రేవంతా పరిచేది అదే. ఒక ఊదా బొమ్మ మరీ సాదాగా ఉంది. రెండోది అద్భుతం. పక్కపక్కనే రెండు పెద్ద పల్లాలు, మధ్య మెత్తటి గట్టు, ఒక మూల సన్నటి పళ్ళ గీత.

"ఇదేనమ్మా మన రేవు గచ్చు. చూడు, ఏళ్ళ తరబడి లారీలు నడిచి ఎలా అరిగిందో! ఈ మూల గీత టైరు గాడి."

"ఖాయమేనా సర్?"

"కళ్ళు మూసుకుని చెప్తాను."

కళ్ళు తెరిచి చెప్పి ఉండాల్సింది.

నూకరాజు గారు వచ్చారు. తెల్లచొక్కా, నెరిసిన మీసం, దేన్నీ ఒప్పుకోని చూపు.

"నాను ముప్పయ్యేళ్ళు పైన కూకున్నోన్నమ్మా. తెర మీద బొమ్మెట్టి రేవంటే ఒప్పుకోను, ముందే సెప్తన్నాను."

"చూసి చెప్పండి బాబాయ్," అంది సునీత.

అప్పటిదాకా నడినెత్తి ఎండలోనే చూసుకున్న రేవుకి ఆ రోజు సాయంత్రపు ఎండ పెట్టింది, గరుకులు బాగా తేలతాయని. ఆయన కూర్చున్నారు. తెర మీద క్రేన్ హ్యాండిల్ ఉంది, అంచుల్లో తుప్పు, నడుమ మెరుపు. ఆయన చెయ్యి చాపి ఆ తెరని తాకారు. తర్వాత, తనకి తెలియకుండానే, అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నారు.

తుప్పు లేని తుప్పుని తుడుచుకున్న ఆ చేతిని నేను చచ్చేదాకా మర్చిపోను.

తర్వాత తెర మీదే క్రేన్ పైనున్న గదిలోకి ఎక్కారు. నిజం క్రేన్లో లాగే దాని నేల కూడా గాజే. ఆపరేటరు కాళ్ళ మధ్యలోంచి రేవుని చూస్తూ పనిచేస్తాడు. ఆయన కిందికి చూశారు. ఆగారు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చూశారు.

"అమ్మా, ఒక మాటడుగుతాను, ఏటీ అనుకోకు. ఈ గచ్చు పచ్చిగున్నప్పుడు ఎవురో కూకుని లెగిసినట్టుంది."

"ఎక్కడ బాబాయ్?"

"ఎక్కడేటి? అంతటా! ఓడ పక్కనుంచి గోదాం దాకా. వెయ్యిమంది కూకున్నారు."

సునీత వంగి చూసింది. నేనూ చూశాను. ఒక చిన్న ముక్కనే పలకల్లా పక్కపక్కన పేర్చి రేవంతా పరుస్తారు కదా. ఏటవాలు ఎండలో, కనుచూపు మేర, జంటలు జంటలుగా పల్లాలు.

"వెయ్యిమంది కాదులే," అన్నారు నూకరాజు గారు ఇంకా పరీక్షగా చూస్తూ. "ఒక్కడే. అన్నీ ఒకటే సైజు. ఎనకజేబులో దువ్వెన కూడా ఉంది."

నా చెయ్యి నన్నడక్కుండా నా వెనక జేబు మీదికి వెళ్ళింది. గదిలో అందరూ ఆ చేతినే చూశారు.

దాచడానికి ఇంకేముంది? గోపాలపట్నంలో ఒకనాడు ఎండిందనుకుని కొత్త గచ్చు మీద కూర్చున్నాను. ఎండలేదు. లేచి అటూ ఇటూ చూశాను, ఎవరూ లేరు. జరిగినదాన్ని ఫోటో తీయకుండా వదలడం నా ఒంట్లో లేదు. లైటు అటూ ఇటూ మార్చి అయిదు తీశాను. ఇంటికెళ్ళి మిగతావాటితో కలిపి సునీతకిచ్చేశాను. పేరు పెట్టే రోజున మాత్రం "గోపాలపట్నం, గురువారం: కొత్త సిమెంటు" అని ఊరుకున్నాను. ఇన్నేళ్ళ వృత్తిలో నేను తొక్కిపెట్టిన ఏకైక వార్త అది. ఇక గుర్తుపట్టలేకపోవడం అంటారా? మనిషి తన మొహాన్ని అద్దంలో రోజూ చూసుకుంటాడు. ఆ రెండోదాన్ని చూసుకునే అభ్యాసం ఎవరికుంటుంది?

నూకరాజు గారు నవ్వి నవ్వి కుర్చీ చెయ్యి పట్టుకున్నారు. ఆయన నవ్వు ఆగేదాకా సునీత కళ్ళార్పలేదు.

"తప్పు పట్టుకుందారనే వచ్చానమ్మా. తప్పు దొరికింది. ఇంకోటి ఎంత ఎతికినా దొరకలేదు. ఆ గచ్చొకటి మార్చీ. ఇది మన రేవే."

సునీత ఏడ్చేసి, నా వైపు చూసి, నవ్వేసింది. గచ్చు మార్చడానికి పది నిమిషాలు పట్టింది. యంత్రం శిక్షణ కేంద్రానికి వెళ్ళింది. అయితే ఆ బొమ్మని తీసెయ్యమని నేనెంత బతిమాలినా ఆ అమ్మాయి వినలేదు. "పేపరోళ్ళు ఏదీ పారెయ్యరు కదా సర్," అంది. పైగా దాని పేరు సరిచేసింది. ఇరవై ఆరేళ్ళు ఫోటో కింద నా పేరు పడాలని ఎందరితోనో పోట్లాడినవాణ్ణి. ఇవాళ ఆ లైబ్రరీలో నా పేరు కొడితే పద్దెనిమిది వేల బొమ్మల్లోంచి ఒకే ఒక్కటి వచ్చి నిలబడుతుంది.

కాబట్టి విశాఖ రేవులోని సమస్త తుప్పు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: అర్థం కాని రంగుని చెడిపోయినదనను, అంకెల్ని తుడవను, నా గురించిన వార్తని దాచను, చేత్తో తడిమి చూడకుండా ఎక్కడా కూర్చోను. మొన్ననే ఇంటి ముందు అరుగుకి సిమెంటు చేయించాం. అందుకే ఇదంతా నిలబడి రాశాను.