దాచిపెట్టిన గోల్‌కీపర్

తెలివిగలవాళ్ళంటే నాకు భయం. ఎందుకో చెప్పాలంటే భద్రు సంగతి చెప్పాలి.

పాల్వంచ దాటి భద్రాచలం రోడ్డు పట్టుకుని కొంత దూరం పోతే, అడవిలోకి తిరిగే మలుపు దగ్గర మా సున్నం ఫ్యాక్టరీ ఉండేది. నేను అక్కడ తూకం గుమాస్తాని. భద్రు యార్డులో కాంట్రాక్టు లేబరు. పొద్దున్నే సద్దిమూట కట్టుకుని, భార్య మంగ్లితో కలిసి తండా నుంచి నడిచి వచ్చేవాడు. రోజంతా రాయి మోసి, సాయంత్రానికి ఇద్దరూ నెత్తి నుంచి పాదాల దాకా తెల్లగా అయి ఇంటికి పోయేవారు. కాంట్రాక్టరుకు కోపమొస్తే మర్నాటి నుంచి పని ఉండదు. రాయి కాలి మీద పడితే ఎవరి దవాఖానా వాళ్ళు చూసుకోవాలి. కంపెనీ మస్టరులో, అంటే పర్మినెంటు పనివాళ్ళ పట్టీలో, పేరుంటే ఈ బాధలు లేవు. భద్రు కోరుకున్నది ఆ మస్టరొక్కటే.

దానికి దారి హాకీ రూపంలో వచ్చింది. ఎనభైల మొదట్లో వచ్చిన మేనేజరుకు ఆ ఆటంటే పిచ్చి. ఏటా దసరా తర్వాత సెక్షన్ల మధ్య పోటీ పెట్టించేవాడు. సెక్షన్ల కెప్టెన్లు కాంట్రాక్టు లేబరులోంచి వంతులవారీగా ఆటగాళ్ళను పేరు పెట్టి పిలుచుకోవాలి. ఎవరి పేరు పిలిస్తే వాడికి మస్టరులో చోటు. ఎవరి వంతు ముందో చీటీలు తీసి తేల్చేవారు. ఆ వంతునే మేం పిలుపు అనేవాళ్ళం. పిలుపులకు ముందు ఒకరోజు ట్రయలు పెట్టి అందరి ఆటా చూసేవారు. పోనుపోను కెప్టెన్లు తమ పిలుపుల్ని ఒకరితో ఒకరు మార్చుకోవడం మొదలుపెట్టారు. ఎడ్ల సంతలో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరమాడినట్టు, క్యాంటీన్లో టీ తాగుతూ ఆడేవారు. బేరం నడుస్తున్నది మనుషుల కూటి మీద అన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

భద్రు గోల్ ముందు నిలబడితే బంతి లోపలికి పోయేది కాదు. కాళ్ళకు గోనెసంచులు చుట్టుకుని, చేలో పడబోయే దూడకు అడ్డం తిరిగినట్టు తిరిగేవాడు. తిండి వేళ యార్డు వెనకాల లేబరు ఆడుకుంటుంటే, ఆ పనితనం కనిపెట్టింది వర్క్‌షాప్ కెప్టెన్ వెంకటనారాయణ. కోస్తా నుంచి వచ్చి సత్తుపల్లి దగ్గర పొలాలు కొనుక్కున్న కుటుంబం. మనిషి చెడ్డవాడు కాదు. తెలివిగలవాడు, అంతే.

ఆ ఏడు మొదటి పిలుపు చీటీ ఆయనకే వచ్చింది. దానితో భద్రును పిలిచి ఉంటే ఏ గొడవా లేదు. కానీ ఎవరికీ తెలియని లేబరు మీద మొదటి పిలుపు ఖర్చు పెట్టడం ఆయనకు దండగనిపించింది. భద్రును పక్కకు పిలిచి ఏమన్నాడో తర్వాత భద్రే నాకు చెప్పాడు.

"ఒరేయ్ భద్రూ, ట్రయలు రోజున బంతులు వదిలేయ్. నీ ఆట ఇంకెవరి కంటా పడకూడదు. ఆఖరి పిలుపుకి నిన్ను నేను తీసుకుంటా."

"గట్లనే సారూ," అన్నాడట భద్రు.

మిల్లు కెప్టెన్ వెంకటప్పయ్య లేబరులో హాతీరాం అనేవాడి కోసం తహతహలాడుతున్నాడు. బంతి కొడితే కనబడనంత జోరు హాతీరాంది. వెంకటనారాయణ తన మొదటి పిలుపు ఆయనకిచ్చి, బదులుగా ఆయన పిలుపులు రెండు తీసుకున్నాడు. ఒకటిచ్చి రెండు కొట్టానని క్యాంటీనంతా చెప్పుకుని మురిశాడు.

ట్రయలు రోజున భద్రు వచ్చిన బంతినల్లా వదిలేశాడు. ఒకటి కాళ్ళ మధ్య నుంచే పోయింది. ఫ్యాక్టరీ ఫ్యాక్టరీ అంతా పగలబడి నవ్వింది.

"చేతులు పడిపోయినయా ఏంది? అందరి ముందల ఇజ్జత్ తీసుకుంటివి," అని మంగ్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"సారు చెప్పిండే. మస్టరు వస్తది, చూడు," అన్నాడు భద్రు.

ఆ ధైర్యంతో మంగ్లి మర్నాడే కాంట్రాక్టరు మేస్త్రీ మొహం మీద, "ఇగ మా ఆయన నీ కింద చెయ్యడు," అనేసింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

పిలుపుల రోజు అందరూ క్యాంటీన్ షెడ్డులో చేరారు. చివరి వంతు రాగానే వెంకటనారాయణ లేచి, "భద్రు," అన్నాడు. ప్రతి పేరుకూ సంతకం పెట్టాల్సిన ఇంజనీరు తలెత్తాడు.

"ఎవరు? కాళ్ళ సందున బంతి వదిలినవాడా? వాడికి మస్టరా? వేరే పేరు చెప్పండి."

ఆట దాచమన్నది నేనే అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఎదురుగా మిల్లు కెప్టెన్ వెంకటప్పయ్య ఉన్నాడు. ట్రయలులో దొంగాట ఆడించాడని తెలిస్తే బేరం చెడుతుంది, పరువూ పోతుంది. వెంకటనారాయణ ఇంకెవరి పేరో చెప్పాడు. అప్పటికే లేచి నిలబడ్డ భద్రు మళ్ళీ కింద కూర్చున్నాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇక్కడ మందు వేసినవాడి నాలుక భద్రంగానే ఉంది. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది నాకు.

మేస్త్రీ మంగ్లి మాట మరిచిపోలేదు. భద్రును సున్నం కాల్చే బట్టీ మూతి దగ్గరికి మార్చాడు. పై ఏడు మేనేజరుకు బదిలీ అయింది, హాకీతో పాటు పిలుపులూ పోయాయి. తొంభైల్లో ఫ్యాక్టరీ మూతపడేదాకా భద్రు కాంట్రాక్టు లేబరుగానే ఉన్నాడు. సున్నం పడి ఒక కన్ను పోయింది.

నాకు మాత్రం ఫైనల్ ఆడిన సాయంత్రమే ఎక్కువ గుర్తొస్తుంది. వర్క్‌షాప్ మిల్లు చేతిలో చిత్తుగా ఓడింది. హాతీరాం బంతిని ఆపే దిక్కు లేకపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి వెంకటనారాయణ యార్డుకొచ్చాడు. నేను తూకం దగ్గరే ఉన్నాను.

"నువ్వుంటే గెలిచేవాళ్ళంరా భద్రూ. వచ్చే ఏడు మొదటి పిలుపే నీది. ఒట్టు."

భద్రు నెత్తి మీది తట్ట దించలేదు.

"మొదటిది ఈ యేడు గూడ మీ చేతులనే ఉండె గద సారూ," అని బట్టీ వైపు నడిచాడు.