పూసల తీగ మేడమ్

మా లెక్కల మేడమ్ పోయారని ఫోనొచ్చేసరికి నేను సాలూరు హైస్కూల్లో తొమ్మిదో తరగతికి పాఠం చెబుతున్నాను. మలేరియా మెదడుకెక్కిందట. కొండ దించి విశాఖ ఆసుపత్రికి చేర్చేసరికే ఆలస్యమైపోయిందట. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అది ఇంకా తగ్గలేదు. ఈ నాలుగు ముక్కలూ ఆ కోపంతోనే రాస్తున్నాను.

ఆవిడది కొయ్యూరు వైపు అడవిలో ఒక చిన్న ఊరు. తొంభైల చివర అరకులో మాకు డిగ్రీ లెక్కలు చెప్పేవారు. క్యారేజీలో చోడి అంబలి, అదే రాగంబలి, తెచ్చుకుని స్టాఫ్ రూములో అందరి మధ్యా కూర్చుని తాగేవారు. తప్పు పోయిన లెక్కని అడ్డంగా కొట్టెయ్యనిచ్చేవారు కాదు. "ఎందాకా సరిగ్గా వచ్చేవో అక్కడ గీత గియ్యి. అక్కణ్ణుంచి మళ్ళీ నడు" అనేవారు.

ఒకరోజు కిటికీ ఊచల మధ్య తీగ బిగించి, దానికి అక్కడక్కడా బరువైన పూసలు బిగించి, ముందు దుప్పటి అడ్డం కట్టారు. తీగ మీటి, మోత విని ఏ పూస ఎక్కడుందో, ఎంత బరువో చెప్పమన్నారు. నేను గబుక్కున ఏదో అన్నాను.

"ఏటే గుంటా, అంత బేగి సెప్పకు. ఒక్కసారి విని తేల్చీడానికి లేదు" అన్నారు మేడమ్.

ఒక కొస కట్టేసి ఒకసారి, అదే కొస బిగువు తగ్గకుండా పైకీ కిందికీ జారేలా వదిలి ఇంకోసారి వినాలట. తీగ పొడవూ బిగువూ తెలిసి, ఆ రెండు విడతల స్వరాలూ పూర్తిగా చేతికొస్తే, పూసల అమరిక ఒక్కటే కుదురుతుంది, రెండోది కుదరదు.

ఆవిడ పరిశోధన దీని పై మెట్టు. తీగ అక్కడితో ఆగకుండా అంతులేని తీగలో కలిసిపోతే మోత నిలవదు, కాసేపు ఉండి అటు జారిపోతుంది. అలా జారిపోయే మోతల్ని అనునాదాలంటారు. వాటిని బట్టి పూసల్ని పోల్చుకోగలమా? ఎప్పుడు పోల్చుకోలేం? ఏళ్ళ తరబడి దానిమీదే కూర్చుని జవాబు రాశారు. రాసింది గైడు చేతికిచ్చారు. అది ఆయన ఇంట్లోనే ఉండిపోయింది. మొదట్లోనే "మీవాళ్ళకి ఇదెందుకమ్మా, తేలికైనదేదైనా తీసుకో" అన్న పెద్దమనిషి ఆయన. గడువు తీరింది. డాక్టరేటు రాలేదు.

మొన్న కాలేజీలో సంతాపసభ పెడితే ముఖ్య అతిథి ఆయనే. అడవితల్లి బిడ్డ అన్నాడు, కొండపువ్వు అన్నాడు. పాపం, ఆరోగ్యం సహకరించక పరిశోధన మధ్యలో ఆపేసిందన్నాడు. ఇంక కూర్చోలేక లేచాను. ఆవిడ దేని మీద పని చేశారో సభకి చెప్పమని అడిగాను.

"గణితం మీదేనమ్మా" అన్నాడు.

ప్రిన్సిపాల్ గారు నన్ను కూర్చోమన్నారు. కూర్చోలేదు. పూసల తీగ సంగతీ, జారిపోయే మోతల సంగతీ మొదట్నుంచీ చెప్పాను. రాసిచ్చిన దాన్ని చదవకుండా పడేసింది ఎవరో కూడా చెప్పాను. ఆయన వాచీ చూసుకుని, కారెక్కి కిందికి వెళ్ళిపోయాడు. అంతే. ఎవరూ ఆపలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. వెనక వరసలో కూర్చున్న ఆవిడ తమ్ముడు మాత్రం నా దగ్గరికొచ్చి, మా అక్క ఏటి సదివిందో ఇన్నాళ్ళకి తెలిసిందమ్మా అన్నాడు.

గడువు తీరే ముందు ఆఖరిసారి విశాఖలో ఆ గైడింటికి వెళ్ళినప్పుడు ఆవిడకి తోడు నేనే. మమ్మల్ని వరండాలోనే నిలబెట్టి, ఇంకా చూడలేదు, వచ్చే నెల రమ్మన్నాడు. వీధిలోకొచ్చాక మేడమ్ చెప్పులు సరిచేసుకుంటూ అన్నారు:

"చదివి తప్పంటే బాధ లేదమ్మా. చదవలేదు."

మర్నాడు పొద్దున్న రైల్లో అరకు తిరిగొచ్చాం. రైలు సొరంగంలోకి దూరగానే ఎప్పట్లాగే పెట్టెలో పిల్లలంతా కేకలు పెట్టారు. వాళ్ళ గొంతుల్ని మించి నా పక్కనుంచి ఒక కేక లేచింది. చీకట్లో మొహం కనబడలేదు. ఊపిరున్నంతసేపూ అరిచారు. సొరంగం దాటి వెలుతురు పడ్డాక చూస్తే, కళ్ళజోడు కొంగుతో తుడుచుకుంటూ, కిటికీలోంచి ఎదురుగా ఉన్న పసుపుపచ్చటి వలిసెపూల చేలవైపు చూస్తున్నారు.